చట్రం మీద బొట్టు

మా అమ్మాయి ఏడేళ్ళు వచ్చినా మంచం పక్కన బూట్లు పెట్టుకునే పడుకునేది. విడిచి పడేసిన బూట్లు కావవి. ముక్కులు తలుపు వైపు తిప్పి, లేసులు వదులు చేసి, కాలు దూర్చగానే పరుగెత్తడానికి సిద్ధంగా పెట్టుకునేది. క్రైస్ట్‌చర్చ్‌లో ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం నేల ఊగినప్పుడు దానికి మూడేళ్ళు. డేకేర్‌లో బల్ల కింద నుంచి టీచరు లాక్కొచ్చి, వట్టి కాళ్ళతోనే బయట గడ్డి మీద కూర్చోబెట్టిందట. బస్సుల్లేక నేను నడుచుకుంటూ అక్కడికి చేరేసరికి సాయంత్రమైంది. దాని అరికాల్లో గాజుపెంకు గుచ్చుకుని ఉంది. ఏడవడం లేదు. ఆ బిల్డింగు మళ్ళీ కదులుతుందేమోనని రెప్ప వాల్చకుండా దాన్నే చూస్తోంది.

అప్పటి నుంచి ఏ కొత్త గదిలోకి వెళ్ళినా గడప దగ్గర ఆగి ఒకటే ప్రశ్న. "అమ్మా, ఇది సేఫా?"

నన్నే అడిగేది, వాళ్ళ నాన్నని అడిగేది కాదు. ఎందుకంటే నా ఉద్యోగం అదే. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. భూకంపం తర్వాత ఊళ్ళో నిలబడి ఉన్న బిల్డింగులు తిరిగి, గోడల్లో పగుళ్ళు చూసి, కొలిచి, లోపలికి మనుషులు వెళ్ళొచ్చో లేదో రాసి సంతకం పెట్టేదాన్ని. "మా అమ్మ సైన్ చేస్తే ఇంక పడదు" అని అది స్కూల్లో చెప్పిందట. టీచరు నవ్వుతూ నాతో అన్నప్పుడు నాకు ఎంత గర్వం వేసిందో చెప్పలేను. ఆ గర్వాన్ని తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నేను సేఫ్ అంటే పడుకునేది. పడుకున్నా మాటిమాటికీ లేచి కూర్చునేది. ఒక్క కారు వెనక సీట్లో మాత్రం, బెల్టు పెట్టిన పది నిమిషాలకి, నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోయేది. అది చూసి మా ఆయనకి బుర్రలో దీపం వెలిగింది. "చక్రాల మీద ఉంటే దీనికి భయం లేదు చూశావా? మనమే ఒక చిన్న ట్రైలర్ కడదాం. కారు వెనక తగిలించుకుని వీకెండ్ వీకెండ్ వెళ్ళొచ్చు. నేల ఊగినా మీద పడ్డానికి కప్పేముంది అందులో, ప్లైవుడ్డేగా!"

మా ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. పటం తగిలించమంటే గోడకి మూడు చిల్లులు పెట్టి, మిగిలిన రెండూ ఆ పటంతోనే కప్పేసే రకం. నెల రోజులు వీడియోలు చూసి ఒక బొమ్మ గీసుకొచ్చాడు. ముందు గుండ్రంగా, వెనక్కి సన్నగా సాగే చిన్న పెట్టె, లోపల పరుపు, వెనక తలుపెత్తితే వంటగట్టు. "దీన్ని టియర్‌డ్రాప్ అంటారు" అన్నాడు గొప్పగా.

వీడియో కాల్లో మా అత్తయ్య తెనాలి నుంచి వింటోంది. "అంటే ఏంట్రా?"

"కన్నీటి బొట్టమ్మా. ఆ షేపులో ఉంటుందని."

"ఛీ ఛీ, పసిపిల్ల పడుకునే దానికి ఆ పేరేంటి, అపశకునం! ఇంకోటి పెట్టుకోండి."

నేనూ, మా ఆయనా, పక్కనున్న అమ్మాయీ నవ్వేశాం. నేనే ఎక్కువ నవ్వాను.

పెట్టె సంగతి తర్వాత, ముందు కింద ఫ్రేమ్ తేలాలి. మాది చిన్న కారు. అది లాగగలిగే బరువు ఇంతేనని దాని పుస్తకంలోనే రాసి ఉంది, దాటడానికి వీల్లేదు. కాబట్టి ఫ్రేమ్ ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిది. మా ఆయన బాత్రూములో కాటా గరాజులోకి తెచ్చి పరుపు, నీళ్ళ డబ్బా, గ్యాస్ బండ, దుప్పట్లు, చివరికి నా ప్రెషర్ కుక్కర్ని కూడా తూచాడు. "కుక్కర్ అవసరమా?" అని అడిగాడు. "కుక్కర్ రాకపోతే నేనూ రాను, బ్రెడ్డు ముక్కలు తినడానికి అంత దూరం దేనికి?" అన్నాను. కుక్కర్ లిస్టులో ఉండిపోయింది.

పక్కింట్లో ఒక కివీ, అంటే ఇక్కడే పుట్టిపెరిగిన ముసలాయన ఉండేవాడు. రిటైరయ్యే దాకా రైతులకి ట్రైలర్లు కట్టి ఇచ్చిన మనిషి. ఆయన షెడ్డులో వెల్డింగ్ మెషీన్లు, పెరట్లో ఒక పాత స్టీల్ ట్రైలర్ ఉండేవి. దేన్ని గురించి అడిగినా ఆయన నోట ఒకటే మాట, "షీల్ బి రైట్". ఇక్కడి వాళ్ళకది మన "ఏం కాదులే" లాంటిది. కంచె విరిగినా అదే, వాన వచ్చేట్టున్నా అదే, ఆయన మోకాలికి ఆపరేషన్ అన్నప్పుడూ అదే.

నేను లెక్కలు వేసి, గీతలు గీసి, నాలుగు కాగితాలు పట్టుకుని ఆయన షెడ్డుకి వెళ్ళాను. మొత్తం అల్యూమినియం. కారుకి తగిలించే ముందు కమ్మీ కూడా అల్యూమినియమే. దాన్ని ఇక్కడ డ్రాబార్ అంటారు. మా అత్తయ్య అయితే ఎద్దుబండి మాటలో నొగ అనేది. రెండు కమ్మీలు కాకుండా, బరువు తగ్గుతుందని, మధ్యలో ఒక్కటే నొగ పెట్టాను.

ఆయన కళ్ళజోడు పైకి తోసి కాగితాలు చాలాసేపు చూశాడు. "బొమ్మ బాగుంది, లవ్" అన్నాడు. ఆ లవ్ అనే పిలుపు వాళ్ళకి అలవాటే, మనం అమ్మా అన్నట్టు. కానీ ఆఫీసులో మీటింగుల్లో ఆ మాట వినీ వినీ ఉన్నానేమో, నాకు ఒళ్ళు మండింది.

"పైన ఫ్రేమ్ అల్యూమినియం పెట్టుకో, తప్పులేదు. నొగ మాత్రం స్టీల్ వెయ్యి. వెల్డింగ్ వద్దు, బోల్టులు బిగిద్దాం" అన్నాడు.

"స్టీల్ వేస్తే బరువు దాటుతుంది. లెక్క వేశాను."

"లెక్క తప్పని అనను. నువ్వు వేసేది నిలబడే వాటి లెక్క. ఇది నడుస్తుంది. గుంతగుంతకీ ఎగురుతుంది. స్టీల్ అయితే వంగుతుంది, కిర్రుమంటుంది, తుప్పు పడుతుంది, ఏదో ఒకటి చెబుతుంది. అల్యూమినియం అయితే వెల్డింగ్ వేడి తగిలిన పక్కన మెత్తబడుతుంది. అక్కడ సన్నగా మొదలవుతుంది. ఇది అరవదు. ఒక రోజు ఊడిపోతుంది."

అందులో ఒక్క ముక్క కూడా నాకు తెలియంది లేదు. కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను. కానీ ఆయన చెబుతుంటే వినబుద్ధి కాలేదు. "ఈ ఊళ్ళో ఎన్ని బిల్డింగులు నా సంతకంతో నిలబడి ఉన్నాయో మీకు తెలుసా?" అన్నాను.

"నిలబడి ఉన్నాయి. నేనూ అదే అంటున్నా" అన్నాడు.

నోరు మూతపడాల్సింది. నాకు ఇంకా పంతం పెరిగింది. వెల్డింగ్ పక్కన బలానికి ఒక పలక వేయించి, అదొక్కటీ ఆయన మాటకి ఇచ్చిన మర్యాదన్నట్టు మొహం పెట్టి, మిగతాదంతా నా కాగితం ప్రకారమే చేయమన్నాను. కుక్కర్ వదిలేసి ఉంటే, రెండో నీళ్ళ డబ్బా వదిలేసి ఉంటే, స్టీల్ నొగ సరిపోయేదే. అది ఇంటికెళ్ళి లెక్క వేసుకున్నాను కూడా. ఎవరికీ చెప్పలేదు.

ఆయన వెల్డింగ్ చేశాడు. చేయగలిగినంత బాగా చేశాడు, అందులో వంక పెట్టడానికి లేదు. అయ్యాక నల్ల మార్కర్ తీసుకుని, నొగ వచ్చి ఫ్రేమ్‌కి అతుక్కునే చోట, దాని పక్క వైపున, అడుగు అంచుకి దగ్గరగా, రూపాయి బిళ్ళంత సున్నా చుట్టాడు. "ప్రతి ట్రిప్ తర్వాత ఇక్కడ గుడ్డతో తుడిచి చూడు. శుభ్రంగా తుడిచి. మోకాళ్ళ మీద కూర్చుని చూడు. బద్ధకించకు."

"సరే" అన్నాను.

"నీ బండి, నీ సంతకం" అన్నాడు. నేను కాసేపు నిలబడ్డాను, ఆ మాట కూడా అంటాడేమోనని. అనలేదు. ప్రతిదానికీ షీల్ బి రైట్ అనే మనిషి ఆ రోజు ఆ మాట అనకుండా మెషీన్ ఆపేసి చేతులు కడుక్కున్నాడు.

వట్టి ఫ్రేమ్‌కి ఫిట్‌నెస్ చెక్ పాసయింది, నంబర్ ప్లేట్ వచ్చింది. తర్వాత మూడు నెలలు మా గరాజంతా చెక్కపొట్టు. మా ఆయన గోడలు బిగించాడు, నేను బిగించినవి విప్పి మళ్ళీ బిగించాను. అమ్మాయి లోపల కప్పుకి నీలం రంగు వేసి నక్షత్రాలు అంటించింది. తలుపు పెట్టిన రోజునే ఆగలేక మా ఆయన దాన్ని కారుకి తగిలించి, సముద్రం పక్కన గులకరాళ్ళ రోడ్డు మీద పదిహేను కిలోమీటర్లు పోయి వచ్చాడు. ఒంటిమీద రోమాలు ఊడేంత కుదుపు ఆ రోడ్డు మీద. "అబ్బ, ఎంత తేలిగ్గా వస్తోందో! వెనక ఉన్నట్టే తెలీట్లేదు" అని మురిసిపోయాడు.

నేను తుడిచి చూశానా? ఆ సాయంత్రం వాన. రేపు చూద్దాంలే అనుకున్నాను. మర్నాడు ఆఫీసు.

ఆ ఆదివారం అత్తయ్యకి ఫొటోలు పంపిస్తే మెచ్చుకోవడం మాట అటుంచి విరుచుకుపడింది. "బొట్టు పెట్టకుండా రోడ్డెక్కించారటమ్మా? కొబ్బరికాయ లేదు, నిమ్మకాయ లేదు! నువ్వన్నా చెప్పక్కర్లేదా అమ్మాయ్, వాడికంటే తెలీదు!" క్యాలెండర్ చూసి మంచి రోజు తనే చెప్పింది. ఆ రోజు వీడియో కాల్లో ఆవిడ చూస్తుండగా డ్రైవ్‌వేలో పూజ మొదలుపెట్టాం. కారుకి నాలుగు, ట్రైలర్‌కి రెండు, మొత్తం ఆరు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాం. ఇక బొట్టు దగ్గర ఆగిపోయాం. కారుకైతే బానెట్ ఉంటుంది, మొహం ఉంటుంది. ఈ కన్నీటి బొట్టుకి మొహమెక్కడ?

"నొగకి పెట్టమ్మా, నొగకి" అంది అత్తయ్య. "బండికి ముందుండేది అదేగా."

నొగ పొడుగ్గా ఉంది. ఎక్కడ పెట్టను? అమ్మాయి వంగి చూసి చప్పట్లు కొట్టింది. "అమ్మా, ఇక్కడ! అంకుల్ సర్కిల్ గీశాడు చూడు. బొట్టు సైజే!"

నిజంగా బొట్టు సైజే. మోకాళ్ళ మీద కూర్చుని, ఆ సున్నాలో పసుపు రాసి, కుంకుమ తడిపి దట్టంగా పెట్టాను. మా ఆయన మెట్టు మీద కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు నొగ మీద పోశాడు. కుంకుమ కరిగి కొంచెం కిందికి జారింది. కంచె అవతల నుంచి పక్కింటాయన చూస్తున్నాడు.

"ఏంటది, లవ్?"

"మంచి జరగడానికి" అన్నాను.

"తర్వాత తుడిచేస్తారు కదా?"

ఫోన్లోంచి అత్తయ్య అడిగింది, ఆయన ఏమంటున్నాడని. చెప్పాను. "అయ్యో, తుడవకూడదని చెప్పు! బొట్టు తుడుస్తారా ఎవరైనా? దానంతట అది పోవాలి." నేను నవ్వుతూ ఆయనకి ఇంగ్లీషులో అదే చెప్పాను. ఆయన నవ్వలేదు. ఏదో అనబోయి, మన పూజ సంగతి తనకెందుకనుకున్నాడేమో, లోపలికి వెళ్ళిపోయాడు.

నాకు ఆ నియమాల మీద పెద్ద పట్టింపేం లేదు. మంగళవారం గోళ్ళు తీసుకుంటాను, గడప మీద కూర్చుంటాను. కానీ బొట్టు తుడవడం అనే మాట ఉంది చూశారూ, అది ఒక ఆడదాని చెవిలో ఏ అర్థంతో పడుతుందో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. అది చేతి దాకా వెళ్ళి ఆగిపోతుంది. ఇంజనీరింగ్ చదివినా ఆగిపోతుంది.

జనవరిలో, ఇక్కడి వేసవి సెలవుల్లో, కొండల వైపు ఒక సరస్సు ఒడ్డుకి వెళ్ళాం. మొదటి సాయంత్రం అమ్మాయి ట్రైలర్ తలుపు దగ్గర ఆగింది. నేను ఎదురు చూస్తూనే ఉన్నాను.

"అమ్మా, ఇది సేఫా?"

"సేఫే నాన్నా. అమ్మే గీసింది, అమ్మే లెక్క వేసింది."

"సైన్ చేశావా?"

జేబులోంచి పెన్ను తీసి లోపల ప్లైవుడ్ మీద, నక్షత్రాల కింద, నా ఆఫీసు సంతకం పొడుగ్గా గీశాను. అది నవ్వి లోపలికి దూరింది. తెల్లారే దాకా కదల్లేదు. నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి నా కూతురు ఒకే ఊపున నిద్రపోయింది. పొద్దున చూస్తే బూట్లు పక్కన లేవు. ఎక్కడో మూల, ఒకటి అటు ఒకటి ఇటు పడి ఉన్నాయి, మామూలు పిల్లల బూట్లలా. నేను వంటగట్టు దగ్గర నిలబడి కుక్కర్ విజిల్ మాటున ఏడ్చాను. మా ఆయన చూసి తనూ కళ్ళు తుడుచుకుని, "చెప్పానా?" అన్నాడు. ఆ రెండు రోజులు ఉన్నంత సంతోషంగా మేమెప్పుడూ లేము.

మూడో రోజు పొద్దున్నే నార్‌వెస్టర్ మొదలైంది. కొండల మీంచి దిగే వేడిగాలి అది. అది వచ్చే ముందు పడమట ఆకాశంలో మేఘం ఒక వంపు తిరిగి, దాని కింద మాత్రం ఖాళీగా, పాలిపోయిన నీలం కనిపిస్తుంది. ఆ గాలికి మనుషులకి తలనొప్పులొస్తాయని ఇక్కడంటారు. సరస్సు నీళ్ళు లేచి ఒడ్డున కొడుతున్నాయి. పక్క టెంట్ల వాళ్ళు హడావిడిగా సర్దుకుంటున్నారు. మా ఆయన ట్రైలర్‌ని కారుకి తగిలించి, "త్వరగా కానీ, గాలి పెరిగితే కష్టం" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, తుడిచి చూడమన్న మాట. మోకాళ్ళ మీద కూర్చున్నాను. రెండు రాత్రుల మంచు తడికి బొట్టు చాలావరకు కరిగిపోయింది. పసుపు లేదు, గుండ్రం లేదు. మార్కర్ సున్నా లోపల, వెల్డింగ్ అంచు వెంబడే, ఒక ఎర్రటి గీత మాత్రం మిగిలి ఉంది. వెంట్రుక మందాన, సున్నాని దాటి కిందికి, అడుగు వైపు తిరిగి ఉంది.

మా పనిలో స్టీల్ అతుకుల్ని పరీక్ష చేయడానికి ఎర్ర రంగు కొడతారు. కాసేపాగి పైన తుడిచేస్తారు. అతుకు బాగుంటే రంగంతా పోతుంది. పగులు ఉంటే దాని లోపలికి దిగిన రంగు మిగిలి, ఎర్రగీతలా బయటపడుతుంది. నేను అలాంటివి ఎన్నో చూశాను. ఎన్నిటికో అడ్డంగా గీత కొట్టి, వాడకూడదు అని రాశాను.

తెలియలేదని ఇక్కడ రాసుకోవచ్చు, ఎవరొచ్చి అడుగుతారు? కానీ తెలిసింది. ఒక్క క్షణం, ఖచ్చితంగా తెలిసింది. టీషర్టు అంచు పట్టుకుని తుడవబోయాను కూడా. తుడిస్తే పోతే కుంకుమ, పోకపోతే పగులు. అంతే, ఒక్క తుడుపు. చెయ్యి సగంలో ఆగింది. మా ఆయన స్టీరింగ్ దగ్గర కూర్చుని ఉన్నాడు. ప్రయాణం మొదలుపెట్టే ముందు, ఈ గాలిలో, బొట్టు తుడవడమా? కుంకుమేలే, అతుకు అంచున గరుకుగా ఉంటుంది కాబట్టి పట్టుకుని ఉందిలే అనుకున్నాను. పోకపోతే ఏం చేస్తాను? ఈ అడవిలో ట్రైలర్ వదిలేసి, నక్షత్రాల కప్పు వదిలేసి, అమ్మాయికేం చెప్పి తీసుకెళ్తాను? ఆ ఆలోచన కూడా వచ్చింది. అన్నీ కలిసి వచ్చాయి.

అమ్మాయి నా వెనకే నిలబడి ఉంది. బూట్లు లోపలే వదిలేసి, వట్టి కాళ్ళతో గడ్డిలో.

"అమ్మా, సేఫా?"

"సేఫే. ఎక్కు" అన్నాను.

"నేను ట్రైలర్‌లో పడుకుని రానా? ప్లీజ్?"

"వద్దు. రూల్ ఒప్పుకోదు" అన్నాను. అది మూతి ముడుచుకుని కారెక్కింది. రూల్ అన్నాను. ఆ ఎర్రగీత కోసం వద్దనలేదు. ఈ మాట నేను చాలాసార్లు నాకు చెప్పుకున్నాను.

గంటసేపు ఏమీ కాలేదు. నేను ప్రతి గతుక్కీ వెనక్కి తిరిగి చూస్తున్నాను. "మెడ పట్టేస్తుంది, ఏం చూస్తున్నావ్?" అన్నాడు మా ఆయన. "గాలి" అన్నాను. "ఏం కాదులే" అన్నాడు. ఒక వంతెన వైపు రోడ్డు వాలుగా దిగుతోంది. ఒక్క కారు పట్టే వంతెన, అవతల ఒక ముసలి జంట కారులో మా కోసం ఆగి ఉన్నారు. మా ఆయన బ్రేకు నొక్కాడు. పక్క నుంచి గాలి ఒక్క తోపు తోసింది.

టప్‌మని కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. ఆ వెంటనే కారు తేలికైపోయింది. అంత తేలిక, మేం కోరుకున్నంత తేలిక. అద్దంలో మా ట్రైలర్ ముక్కు నేలకి గుచ్చి, తోక ఆకాశానికి లేచి, పక్కకి తిరిగి, గట్టు దిగి, ఎండిన నది రాళ్ళలోకి దొర్లుకుంటూ పోయింది. ఊడినా పోకుండా కారుకి కలిపి కట్టే సేఫ్టీ గొలుసు పనికి రాలేదు. గొలుసు తగిలించింది నొగ ముందు కొనకి, విరిగింది దాని వెనక. నీలం కప్పు ముక్కలై రాళ్ళ మీద పడింది. అవతల కారులో ముసలావిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

మా ఆయన కారాపి, దిగి, వెనక తలుపు తీసి, "పాపా, పాపా" అంటూ దాని తల, చేతులు తడిమి చూశాడు. దానికేం కాలేదు. మాకెవరికీ ఏం కాలేదు. నేను కారు పట్టుకుని నిలబడ్డాను. అమ్మాయి వాళ్ళ నాన్న చేతుల్లోంచి జారి, వట్టి కాళ్ళతో వేడి తారు మీద నడిచి కారు వెనక్కి వెళ్ళింది. అక్కడ నొగ మొండి ఇంకా వేలాడుతోంది. దాని ముందు గొంతుక్కూర్చుని, విరిగిన చోటు చూస్తోంది. ఆ చూపు నేను ఎరుగుదును. నాలుగేళ్ళ క్రితం గడ్డి మీద కూర్చుని బిల్డింగుని చూసిన చూపు.

"అమ్మా, ఇట్స్ రెడ్."

"బొట్టు కదా నాన్నా."

"లోపల కూడానా?"

వంగి చూశాను. విరిగిన అంచు పైసగం కొత్తగా, వెండిలా మెరుస్తోంది. అది ఇప్పుడు విరిగింది. అడుగు సగం మసకగా ఉంది. ఆ మసక మీద, లోపల లోపలికి, ఎర్రగా కుంకుమ పట్టి ఉంది. బయట పెట్టిన బొట్టు లోపలికి ఎలా పోతుంది? కొబ్బరినీళ్ళతో పోతుంది. అప్పటికే దారి తెరిచి ఉంటే పోతుంది. అంటే నేను మోకాళ్ళ మీద కూర్చుని బొట్టు పెట్టిన రోజుకే అది పగిలి ఉంది. పగులు మీదే పెట్టాను. తుడవకుండా కాపాడింది దాన్నే.

అది తల ఎత్తి నన్ను చూసింది. "పొద్దున నువ్వు చూశావు కదా. నీకు కనిపించిందా?"

ఏడేళ్ళ పిల్ల. లేదు అని ఉంటే నమ్మేది. నా మాట ఇంకా నమ్మే ఆఖరి నిమిషం అది.

"కనిపించింది" అన్నాను.

"ఓకే" అంది. అంతే. లేచి వెళ్ళి కారులో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

పక్కింటాయన తన పాత స్టీల్ ట్రైలర్ తెచ్చి శకలాలన్నీ ఎత్తుకొచ్చాడు. కుక్కర్ చొట్టపడి దొరికింది. ఒక బూటు దొరికింది, రెండోది దొరకలేదు. ఆయన నొగ ముక్కని షెడ్డు బయట ఎండలో తిప్పి తిప్పి చూసి, "ఇది అరవదని చెప్పాను కదా నీకు, తప్పు చెప్పాను" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చేసరికి అమ్మాయి స్కూలు బూట్లు తెచ్చుకుని, లేసులు బిగించి, వాటితోనే మంచమెక్కింది. తర్వాతి వారం ఆఫీసులో ఒక్క కాగితం మీద సంతకం పెట్టలేకపోయాను. పాత ఫైళ్ళు తీసి, నేను ఎక్కడెక్కడ తుడవకుండా వదిలేశానోనని వెతుక్కుంటూ కూర్చున్నాను.

అమ్మాయి ఆ తర్వాత నన్ను ఎప్పుడూ "సేఫా?" అని అడగలేదు. కొత్త గది వస్తే గడప దగ్గర ఆగుతుంది, కప్పు చూస్తుంది, మూలలు చూస్తుంది, తనే నిర్ణయించుకుని లోపలికి వెళ్తుంది. అడుగుతుందేమోనని నేను పక్కనే నిలబడి ఉంటాను.

రెండేళ్ళ తర్వాత కొంచెం పెద్ద కారు కొన్నాం. అత్తయ్య ఫోన్లో ఉంది, నిమ్మకాయలు చక్రాల కింద ఉన్నాయి. నేను కుంకుమ తడిపి వేలికి తీసుకుని బానెట్ వైపు వంగాను. అమ్మాయి నా మణికట్టు పట్టుకుని ఆపింది. దాని చేతిలో తెల్లగుడ్డ ఉంది. నేను బొట్టు పెట్టబోయిన చోటు శుభ్రంగా తుడిచింది. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, వెలుతురు పక్క నుంచి పడేట్టు తల వంచి చూసింది. అంత శ్రద్ధగా చూడటం ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఫోన్లో అత్తయ్య "ఏం చేస్తోందర్రా అది?" అంటోంది.

అది లేచి గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంది.

"ఓకే. నౌ పెట్టు" అంది.